వెంట్రుకవాసి గొట్టం ఆత్మకథ

బాపట్లలో ఓ ఫార్మసీ ప్రయోగశాల. అక్కడ యంత్రం పొట్టలో చుట్టుకుని ఉన్న గొట్టం తన కథ తానే చెప్పుకొస్తోంది. ఒళ్లు సిలికా. పైన పాలిఇమైడ్ పూత లేకపోతే చిటుక్కున విరిగేది. లోపలి దారి 50 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒకచోట పూత కాల్చి తీసేశారు. అతినీలలోహిత కాంతికి అది కిటికీ.

వంశం గురించి అడిగితే 1981 అంటుంది. ఆ ఏడు అమెరికాలో జోర్గెన్సన్, లూకాక్స్ ఇలాంటి సన్న గొట్టానికి 30 వేల వోల్టుల దాకా పెట్టి అణువులను విడదీశారు. లావు గొట్టమైతే ద్రవం వేడెక్కి అన్నీ కలగలిసిపోయేవి. సన్నదాంట్లో వేడి ఇట్టే గోడల గుండా పోతుంది.

1992లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం కొత్త పని అప్పగించింది: మందు అణువును ఎంజైము ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం. ఎంచుకున్న ఎంజైము కార్బానిక్ అన్‌హైడ్రేజ్. దాన్ని అడ్డుకునే సల్ఫోనమైడ్లలో ఒకటి, తెనాలి మందుల షాపులో నీటికాసుల రోగి డయామాక్స్ అని అడిగే మాత్ర. దాన్ని బజారుకు తెచ్చిన లెడర్లే సంస్థలోనే, 1948లో కన్నుమూసేదాకా, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపారు.

రేపల్లె నుంచి తెనాలిలో రైలు మారి వచ్చే విద్యార్థిని నానోలీటర్లంత ఎంజైము లోపలికి పంపుతుంది. కరెంటు పెట్టగానే ద్రవమంతా ఋణధ్రువం వైపు సాగుతూ అన్నిటినీ మోసుకుపోతుంది. ఎంజైముది ఋణావేశం కనక అది ఎదురీదుతూ వెనకబడుతుంది. ఋణావేశమున్న సల్ఫోనమైడ్‌ను ఆ ద్రవంలో కలిపితే, దాన్ని పట్టుకున్న ఎంజైము ఇంకా ఆలస్యంగా కిటికీ చేరుతుంది. రేపల్లె బండి తెనాలికి లేటుగా వస్తే దారిలో క్రాసింగ్ పడిందని ఆమె ఊహించినట్టే, ఇక్కడా ఆలస్యమే ఆధారం.

మందు గాఢత పెంచుతూ పోతే ఎంజైము వేగం తగ్గి తగ్గి ఒకచోట నిలుస్తుంది. ఆ మొత్తం మార్పులో సగం కనిపించిన గాఢతే వియోజన స్థిరాంకం. అది ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. ద్రవం వేగమే మారి లెక్క తప్పకుండా, ఆవేశం లేని అణువొకటి గుర్తుగా వెంట నడుస్తుంది. మందుకే ఆవేశం లేకపోతే, ఆవేశమున్న మరోదానితో పోటీకి దించుతారు.

ప్రోటీన్లు గోడలకు అంటుకుంటే సోడియం హైడ్రాక్సైడ్ స్నానం తప్పదు.

సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందు దగ్గర మాత్రం గొట్టం చేతులెత్తేస్తుంది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైముతో దాని పట్టు పికోమోలార్ స్థాయిది, అంటే వియోజన స్థిరాంకం అతి చిన్నది. నేరుగా కొలవాలంటే ఎంజైమును కూడా అంత పలచగానే కలపాలి. 50 మైక్రోమీటర్ల దారిలో కాంతికి అది కనబడదు. వేడిని తరిమిన సన్నదనమే చూపును తగ్గించింది.