నటపీడా నివారణము

నాటకములాడినచో చెన్నపట్టణపు విక్టోరియా పబ్లిక్ హాలు వంటి పురాతన భవనములకు హాని కలుగునని, కావున మరమ్మతులైన పిదప వానిని దూరమునుండి చూచి ఆనందించుటయే ఉత్తమమని ఒక పెద్దమనిషి సెలవిచ్చెను. వారి సూక్ష్మదృష్టికి చేతులు జోడించుచున్నాను. చెదలకంటెను చెమ్మకంటెను నాటకశాలకు ప్రబలమైన శత్రువు నాటకమేయన్న సత్యము ఇన్నాళ్లు మనకు తట్టలేదు గదా!

ఈ శత్రువునకు స్వాగతము పలికినవారిలో మనవారుండుట సిగ్గుచేటు. 1883లో విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేసిన దోషము చాలదన్నట్లు, బళ్లారి వకీలు ధర్మవరము రామకృష్ణమాచార్యులు తన సరస వినోదినీ సభను వెంటబెట్టుకొని వచ్చి, వాస్తుశిల్పి చిషోమ్ దొర రూపుదిద్దిన గోడలదరునట్లు తెలుగు నాటకములాడించెను. అవి చూచిన పమ్మల్ సంబంధ మొదలియారునకు ఆ జాడ్యమంటుకొనగా, 1891లో సుగుణ విలాస సభయను నాటకసమాజము వెలసెను.

కనుక కొన్ని సూచనలు. తెర ఎన్నడును లేవరాదు. రంగు పూసికొన్న మొగముతో ప్రహరీ దాటినవానిని కావలివారు పట్టుకొనవలెను. హార్మోనియము ద్వారమువద్దనే జప్తు. హరిశ్చంద్రుడు కాటిసీనులో రాగము తీయదలచెనేని, ఏ శ్రుతివరకు గోడసున్నము తట్టుకొనునో ఇంజనీరుగారిచే ధ్రువపత్రము పుచ్చుకొని, అంతవరకే విలపింపవలెను. ‘వన్స్ మోర్’ అన్నవానికి జరిమానా. నటుని చూడక తీరదను మొండివారికై ఒక వృద్ధనటుని గాజుబీరువాలో కూర్చుండబెట్టి, ‘తాకరాదు’ అను పలక తగిలించి, బీరువాకు ఏ.సి. అమర్చినచో ఆధునికీకరణమును పూర్తియగును.

అయ్యా, గ్రౌండుకు ఎనిమిదణాల చొప్పున 99 ఏండ్ల కౌలుకు నేల పుచ్చుకొని, చందాలెత్తి ఆ హాలు కట్టినది జనులు కూడుటకు. కౌలు తీరెను, వ్యాజ్యములు నడిచెను, దశాబ్దములపాటు తలుపులు మూతపడెను. ఆ కాలమున గోడలను పాడుచేసిన నటుడెవడు? తాళము వేసినవారు గదా, కప్పు కారుచుండగా దస్త్రము కదల్పనివారు గదా పాడుచేసినది! ఆటలున్నంతకాలము నిలిచిన కట్టడము ఆటలుడిగిన పిదపనే శిథిలమాయెను. గ్రీన్ రూమునకు నీరు, మెట్లెక్కలేని వృద్ధునికి లిఫ్టు, నిప్పంటుకొన్నచో బయటపడుటకు దారి: ఇది ఆధునికత. పేద నాటకసమాజము చెల్లింపగల అద్దె: ఇది ధర్మము. ఈ రెండును చేతగానివారు నటుని నిందింపక, తాళపుచెవి ఇచ్చి తప్పుకొందురు గాక.