ముందే చెప్పానుగారు

యాపిల్ కంపెనీ ఏటా సెప్టెంబరులో ఏ కొత్త ఫోను తెస్తుందో, అందులో ఏముంటుందో కంపెనీ నోరు విప్పకముందే చుట్టుపక్కల వాళ్లకు విడమరిచి చెప్పే మనిషే ముందే చెప్పానుగారు. హైదరాబాద్ ఆఫీసు క్యాంటీన్లలో, విజయవాడ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల దగ్గర, డల్లాస్‌లో తెలుగువాళ్ల గృహప్రవేశాల్లో ఈయన తారసపడతారు. వయసుకీ ఉద్యోగానికీ సంబంధం లేదు. ఎవరైనా జేబులోంచి ఫోను తీశారంటే చాలు, ఈయన గొంతు సవరించుకుంటారు.

ఈయన్ని విశ్లేషకులతోనూ విలేఖరులతోనూ కలిపెయ్యకూడదు. మింగ్-చీ కువో లాంటి విశ్లేషకుడు విడిభాగాలు చేసే ఆసియా కంపెనీలకు ఏ ఆర్డర్లు వెళ్తున్నాయో కూపీ లాగుతాడు. బ్లూమ్‌బర్గ్ విలేఖరి మార్క్ గర్మన్ లోపలి సంగతులు తెలిసినవాళ్లను పట్టుకుని రాస్తాడు. వాళ్లు రాసింది యూట్యూబులో మూడో మనిషి చెప్పగా విని, "నాకున్న సమాచారం ప్రకారం..." అని అందుకునేవారు మాత్రం ముందే చెప్పానుగారు. ఆ సమాచారం ఎక్కడిదని అడిగినవాళ్లను జాలిగా చూస్తారు.

ఏడాది పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నా, అసలు పని ఆగస్టు చివర్లో ఆహ్వానపత్రం వచ్చాకే మొదలవుతుంది. సొంత మేనకోడలి శుభలేఖలో కల్యాణమండపం పేరు చదవకుండా ఇంకో మండపానికి వెళ్లి కూర్చున్న మనిషి, ఈ కార్డును మాత్రం వేళ్లతో పెద్దది చేసుకుని మూలమూలా వెతుకుతారు. దీనికి కొంత కారణం కంపెనీయే. 2012లో పంపిన ఆహ్వానంలో 12 అనే తేదీ అంకె నీడ 5 ఆకారంలో పడింది. ఆ రోజు ఐఫోన్ 5 వచ్చింది. ఆనాటి నుంచి ఈయనకు ప్రతి కార్డులోనూ నీడలే కనిపిస్తున్నాయి. 2022లో నక్షత్రాలతో చేసిన యాపిల్ బొమ్మ, దాని కింద "ఫార్ ఔట్" అన్న మాట చూసి, చుక్కల్ని ఫొటో తీసే కెమెరా ఖాయమన్నారు. తీరా చూస్తే సిగ్నల్ లేని చోట ఆపదలో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే ఏర్పాటు ఐఫోన్ 14లో వచ్చింది. "ఆకాశానికి సంబంధించిందని అన్నానా, లేదా?" అన్నారు. అన్న మాట నిజమే.

ఈయన పద్ధతిలోని బలమంతా ఇక్కడే ఉంది. జరిగితే ముందే చెప్పినట్టు. జరగకపోతే కంపెనీ ఆఖరి నిమిషంలో మనసు మార్చుకున్నట్టు. 2011 అక్టోబరు 4న ప్రపంచమంతా ఐఫోన్ 5 కోసం ఎదురుచూస్తే 4ఎస్ వచ్చింది. 2014 దాకా అందరూ ఐవాచ్ అని పిలిచిన గడియారం యాపిల్ వాచ్ పేరుతో వచ్చింది. యాపిల్ తయారు చేస్తుందని ఏళ్ల తరబడి చెప్పుకున్న టీవీ సెట్టు రానేలేదు. పదేళ్లు ఊరించిన కారు సంగతి మరీ విచిత్రం: 2014లో పని మొదలై 2024 ఫిబ్రవరిలో ఆగిపోయింది, అధికారికంగా దాన్ని ప్రకటించిందీ లేదు. ఇవన్నీ ఎత్తిచూపితే ఈయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఎయిర్‌పవర్ అనే ఛార్జింగ్ పలకను కంపెనీయే 2017 సెప్టెంబరులో వేదికెక్కి చూపించి, 2019 మార్చిలో చేతకాదని చేతులెత్తేసింది. "వాళ్లు చెప్పింది వాళ్లే చెయ్యలేకపోయారు, నేను చెప్పింది చెయ్యలేదని నన్నంటారేం?" దీనికి జవాబు చెప్పగలిగినవారు ఇంతవరకు కనపడలేదు.

తప్పడానికి వీల్లేని జోస్యాల పేటెంటు కూడా ఈయనదే. ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జింగ్ రంధ్రం ఉండాలని ఐరోపా సమాఖ్య 2022లో చట్టం చేసి, 2024 చివరిదాకా గడువిచ్చింది. ఐఫోన్ 15కి 2023లో యూఎస్‌బీ-సీ వచ్చింది. చట్టంగా అచ్చయిన విషయాన్ని కూడా ఈయన చెవిలో రహస్యంగానే చెప్పారు.

ఇంతకీ కంపెనీలకు అంత గుట్టెందుకు? 1983లో ఆస్‌బోర్న్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ, రాబోయే మోడళ్ల గొప్పలు ముందే చెప్పుకుంది. జనం ఉన్నదాన్ని కొనడం మానేశారు, ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. దివాలాకు వేరే కారణాలూ ఉన్నాయని చరిత్రకారులంటారు గానీ వ్యాపార ప్రపంచం మాత్రం ఆ పాఠాన్నే గుర్తుపెట్టుకుంది. రాబోయేవాటి గొప్పలు చాటే ఆ పనినే ముందే చెప్పానుగారు బయటి నుంచి ఉచితంగా చేసిపెడతారు. ఇది వట్టి వేళాకోళం కాదు. 2011 జూలై-సెప్టెంబరులో ఐఫోన్ అమ్మకాలు అంచనా కంటే తగ్గినప్పుడు, కొత్త ఫోను వస్తోందన్న పుకార్ల వల్ల జనం కొనకుండా ఆగారని యాపిలే చెప్పుకుంది.

ఆ ఆగడం ఒక ఇంట్లో ఎలా ఉంటుందంటే: పిన్నిగారి ఫోను పాడైంది. స్పీకరు పెడితే తప్ప అవతలివాళ్ల మాట వినపడదు. అందువల్ల వియ్యపురాలు ఏమన్నదీ మూడో అంతస్తు దాకా తెలిసిపోతోంది. ఆవిడ జూలైలో కొత్తది కొందామనుకున్నారు.

"ఇప్పుడు కొనకు పిన్నీ. సెప్టెంబరు దాకా ఆగు, పాతదాని రేటు దిగుతుంది."

సెప్టెంబరు వచ్చింది. "దసరా ఆఫర్లు చూసుకుని కొందాం." దసరా అయింది. "దీపావళికి బ్యాంకు కార్డు మీద ఇంకా తగ్గిస్తారు." దీపావళికి ఆవిడకు నచ్చిన రంగు అయిపోయింది. సంక్రాంతికి పిన్నిగారు మళ్లీ కదిపితే, "ఇంకెంత, ఎనిమిది నెలలు. ఈసారి డిజైనే మారిపోతోంది" అన్నారు. ఆవిడ ఆటో ఎక్కి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లి, పాత ఫోనే బాగు చేయించుకుని వచ్చారు. "చూశావా, కొనకపోవడమే మంచిదని ముందే చెప్పాను" అన్నారు ఈయన.

పుకార్ల వల్ల కంపెనీకి నష్టమేనా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. 2010 జనవరిలో ఐప్యాడ్ రాకముందు, ఈయన పూర్వీకులంతా దాని పేరు ఐస్లేట్ అనీ ధర వెయ్యి డాలర్ల దాకా ఉంటుందనీ తేల్చేశారు. స్టీవ్ జాబ్స్ వేదిక మీద పండితుల లెక్క అంటూ 999 అంకె చూపించి, ఆ తర్వాత దాని మీద 499 పడేట్టు చేశాడు. పండితులు తప్పు చెప్పి ఉండకపోతే 499 అంత చవగ్గా కనిపించేది కాదు. ఇందుకు వారికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు.

సెప్టెంబరులో కొత్త ఫోను ప్రకటన వెలువడే వేళ భారతదేశంలో రాత్రి పదిన్నర. ఇల్లు సద్దుమణిగాక ఈయన ఒక్కరే హాల్లో కూర్చుని చూస్తారు. నిజానికి ఆ రెండు గంటలూ ఈయనకు సంతోషం ఉండదు. ఫోను మీద ఆశ లేదు, జేబులోది అయిదేళ్ల కిందటిది. పైగా ఒక్కో వివరం బయటపడేకొద్దీ చెప్పడానికి మిగిలేది తగ్గిపోతుంటుంది.

ఈయనకు ఎదురుపడే అరుదైన ప్రాణి ఒకటుంది: నిజంగానే యాపిల్‌లో పనిచేసే తెలుగువాడు. అలాంటివాళ్లు కంపెనీ కేంద్రమైన క్యుపర్టినోలో ఉన్నారు, కంపెనీ 2016లో మ్యాప్స్ పని కోసం ఆఫీసు తెరిచిన హైదరాబాద్‌లోనూ ఉన్నారు. అక్కడ ఒక బృందం చేసేది పక్క బృందానికి చెప్పరు. పనికి సంబంధించిన ముక్క బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని బంధువుల విందులో అలాంటి కుర్రాడు, తన కంపెనీ ఏం చేయబోతోందో ముందే చెప్పానుగారు వివరిస్తుంటే "అవునా అన్నయ్యా?" అంటూ సాంబారు కలుపుకుంటాడు. మడత ఫోను సంగతి వచ్చినప్పుడు తల వంచుకుని అప్పడం విరుస్తాడు. అతనికీ తెలియదు మరి. ఆ రాత్రే బంధువుల వాట్సాప్ గ్రూపులో కొత్త కబురు పడుతుంది: మడత ఫోను ఖాయం, కంపెనీలోని మనవాడొకడు కాదనలేదు.