చెర్రీవృక్షోపాఖ్యానం: సటీకాతాత్పర్యం

మూలం: వాషింగ్టన్ బాల్యమున చెర్రీ చెట్టు నరికెను. తండ్రి అడుగగా నిజము చెప్పెను. నీవును నిజమే చెప్పుము. ఈ చెట్టుకు రంగు వేయుము.

అవతారిక: అమెరికాలో పిల్లల్ని బడికి పంపక ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు కొందరు, ఆరేళ్ల శిష్యుడికి తొలి అధ్యక్షుల చరిత్ర ఉపదేశించబూని, భోజనాల బల్ల మీద రంగు పెన్సిళ్లు పరచి, గొంతు సవరించుకుని, ఇలాంటి వాక్యాలతోనే మంగళాచరణ చేస్తారు.

ప్రతిపదార్థం: స్పష్టం.

విశేషాలు: ‘నరికెను’ అన్నది అపపాఠం. ఈ కథకు ఆదికర్త మేసన్ లాక్ వీమ్స్. ఆయన రాసినదాంట్లో బాలుడు గొడ్డలి పదును చూడబోయి బెరడు చెక్కేశాడు, చెట్టు మళ్లీ కోలుకోలేదు, అంతే. దాన్ని నేల కూల్చినవారు తరవాతి కథకులు. ఆ మాటకొస్తే ఘట్టం మొత్తం ప్రక్షిప్తమే. వాషింగ్టన్ 1799 డిసెంబరులో పోయాడు. వీమ్స్ పుస్తకం 1800లోనే అంగడికెక్కింది, అందులో చెర్రీ ఊసే లేదు. అది మొలిచింది 1806 నాటి అయిదో కూర్పులో. మన కావ్యాల్లో ఏ పద్యం ఎప్పుడు చొరబడిందో తేలక పండితులు తరాల తరబడి కొట్టుకున్నారు. ఇక్కడ కూర్పు సంఖ్యతో సహా దొంగ దొరికాడు! వ్యాఖ్యాతకు ఇంతకు మించిన పండుగేముంది?

ప్రమాణ విచారం: సాక్షి ఎవరయ్యా అంటే, చిన్నతనంలో ఆ ఇంట్లో మసలిన దూరపు చుట్టం, ఓ ముసలావిడ అంటాడు వీమ్స్. పేరు చెప్పడు. తండ్రిని అడుగుదామా? కొడుక్కి పదకొండేళ్లప్పుడే, 1743లో, కాలం చేశాడు. ఇక ముఖపత్రం మీద వీమ్స్ తనను మౌంట్ వెర్నన్ పారిష్‌కు మాజీ గురువుగా చెప్పుకున్నాడు. ఆ పేరుతో పారిష్ లేదు. అబద్ధమాడని బాలుడి కథ చెప్పినవాడు అట్ట దాటకముందే ఆడిన మాట ఇది.

శంక: కల్పితమైతేనేం, నీతి మంచిదే కదా?

సమాధానం: నిజం చెప్పమనడానికి నిజమే దొరకలేదా? తరవాతి పుటలో ‘ఆయన పళ్లు చెక్కవి’ అని ఉంటుంది. అదీ వట్టిదే. ఆయన కట్టుడు పళ్లలో ఏనుగు దంతం, సీసం, జంతువుల పళ్లు, మనుషుల పళ్లు ఉండేవి. ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్ 1784 నాటి ఖాతాలో నల్లవారికి తొమ్మిది పళ్లకు సొమ్మిచ్చిన పద్దు ఉంది. అవి ఎవరి నోటికో పద్దులో రాయలేదు. ఆయన పోయేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలున్నారు. వారిలో తన సొంతవారిని విడిచిపెట్టమని వీలునామా రాసిందీ ఆయనే. 1796లో ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి ఓనా జడ్జ్ అనే బానిస యువతి పారిపోతే, పట్టి తెమ్మని మనుషుల్ని పురమాయించిందీ ఆయనే. ఆమె చిక్కలేదు.

ఆరేళ్ల పిల్లలకు ఇవన్నీ బరువంటారు. ‘ఓనా పారిపోయింది, చివరిదాకా దొరక్కుండా బతికింది’ అన్న మాట ఏ పిల్లకు బరువు? బరువు పెద్దవాళ్లకే.

తాత్పర్యం: చెట్టుకు రంగు వేయించండి, అభ్యంతరం లేదు. దాని కింద ‘ఇది 1806లో వీమ్స్ చేర్చిన కథ’ అని మీ చేత్తో రాయండి. పక్క పుటలో ఓనా జడ్జ్ పేరు కూడా రాయండి.