నాకు రోజూ విభూది బుధవారమే

నన్ను జనగామ పల్లెల్లో అటికె అంటారు. కూర వండే మట్టిపాత్రను. ఇప్పుడంటే అంచు పగిలి, వేపచెట్టు కింద కోళ్లకు నీళ్లు పట్టుకుని కూర్చున్నాను గానీ, ఒకప్పుడు తపస్సుకాలం వచ్చిందంటే ఈ ఇంటి పొయ్యి మీద నాదే రాజ్యం.

పుట్టుక గురించి చెప్పడానికేం లేదు. చెరువు మట్టి, కుమ్మరి సారె, ఆములో ఒక రాత్రి. కాకపోతే నాలో ఉడికిన చేపలూ చాలావరకు ఆ చెరువువే. తోబుట్టువులను తెచ్చి నాలోనే ఉడికించారన్నమాట. అప్పట్లో తట్టలేదు. ఇప్పుడు తీరిక ఎక్కువై ఇలాంటివి గుర్తొస్తున్నాయి.

అంగడిలో నన్ను కొన్నది ముసలమ్మ. వేలి కణుపుతో కొట్టి, ఖంగుమన్నాకే పైసలిచ్చింది. ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టి, బియ్యం కడిగిన నీళ్లు పోసి సన్నటి మంట మీద మరిగించి, అప్పుడు గానీ కూరకు ఎక్కించలేదు. ముందు గదిలో పెంబర్తి ఇత్తడి బిందె ఒకటుండేది. వచ్చిన చుట్టమల్లా దాన్నే మెచ్చుకునేవాడు. మెచ్చుకోనీ. కళాయి లేకుండా దాంట్లో చింతపండు పులుసు పోసి రాత్రంతా ఉంచి చూడమనండి. పులుపుకు చలించనిది మట్టే. ఈ సంగతి నా గురించి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

విభూది బుధవారం పొద్దున ముసలమ్మ గుడికి పోయేది. పోయినేటి మ్రానికొమ్మలు కాల్చిన బూడిదతో ఫాదరు నుదుట సిలువ గీసి, మట్టి నుంచి వచ్చిన సంగతి గుర్తుచేసి పంపేవారు. ఇంటికొచ్చి, పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి నన్ను తోమేది. నాకు రోజూ విభూది బుధవారమే. మట్టినని ఒకరు గుర్తుచేయాల్సిన పనీ లేదు.

విభూది బుధవారం నుంచి పాస్కా పండుగ, అంటే ఈస్టర్, దాకా తపస్సుకాలం. లెక్కపెడితే 46 రోజులు. ఆదివారాలు తీసేస్తే 40. శుక్రవారాల్లో మాంసం ముట్టరాదు, చేప తినొచ్చు. ఆ లెక్కలో మాంసమంటే నేల మీద తిరిగే వెచ్చని నెత్తురు జీవాలది. వెనిజులాలో కాపిబరా అనే పందంత ఎలుకజాతి జంతువును కూడా, నీళ్లలో ఈదుతుంది కదా అని, తపస్సుకాలంలో చేపల కిందే జమకట్టి తింటారట. దాని ముందు మా కొర్రమట్ట ఎంత నిజాయితీ గలది! 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడ్డప్పుడు మొదటి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ మనిషి. ముసలమ్మ తల్లి ఈ శుక్రవారం నియమం నేర్చుకున్నదీ ఇటలీ ఫాదర్ల దగ్గరే. నియమం బాగానే ఉంది. మా వైపు కోడికన్నా కొర్రమట్టకే ధరెక్కువని మాత్రం రోముకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చిన్నకొడుకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సెలవుకు వస్తే కాళేశ్వరం వైపు నుంచి గోదావరి చేప తెచ్చేవాడు. వాడు రాని వారం ఊరి ముదిరాజుల దగ్గర రవ్వో, బొచ్చో. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గుతుంటే వలలకు చేప బాగా చిక్కేది. తపస్సుకాలమూ సరిగ్గా అప్పుడే.

ముసలమ్మ దొడ్డుప్పు, పసుపు వేసి ముక్కలను రుద్ది రుద్ది కడిగేది. మెంతులు, ధనియాలు, జీలకర్ర, కుడుక వేయించి నూరేది. ఉల్లిగడ్డను నిప్పుల్లో కాల్చి రోట్లో వేసేది. పులుసు తెర్లినంక ముక్కలు వదిలేది. ఇక అక్కడి నుంచి గంటె ముట్టుకోవద్దు. మసిబట్టతో నా అంచు రెండు పక్కలా పట్టి, ఊయలలా మెల్లగా తిప్పేది. నా జన్మలో నన్ను అంత మెత్తగా పట్టుకున్న చేతులు వేరే లేవు. కిందికి దించాక కూడా కాసేపు నాలో పులుసు కుతకుతమంటూనే ఉండేది. అలా మూతపెట్టి సిలువమార్గానికి పోయేది. పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరించి వచ్చేసరికి ముక్కకు పులుపు పట్టేది. తపస్సంటే ఇదేనా అని నాకూ అనుమానం వచ్చేది గానీ, ఆ వాసనకు నేను మాత్రం ఏం అడగను?

అడిగింది కోడలు. డోర్నకల్ పిల్ల. 1912లో బిషప్ అయిన అజరయ్య పీఠం అక్కడే ఉండేది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. ఆయన హయాంలో 1939లో ప్రతిష్ఠ జరిగిన కతీడ్రల్‌లో మసీదు పోలిక, హిందూ గుడి పోలిక రెండూ ఉంటాయని ఈ పిల్ల గొప్పగా చెప్పేది. తపస్సుకాలాన్ని వాళ్లు శ్రమదినాలంటారు. ఆ రోజుల్లో ఆమె పుట్టింట్లో నీసన్నదే ముట్టరు.

"చాప నీసు గాదా అత్తమ్మా?"

"ఫాదరు తినొచ్చన్నడు బిడ్డా."

"ఫాదరు తినొచ్చన్నడు, తినాలె అన్లే గదా."

ముసలమ్మ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ శుక్రవారం నాలో పప్పుచారు కాచారు.

తర్వాత ముసలమ్మ మంచం పట్టింది. పండుగకని చిన్నకొడుకు నాన్‌స్టిక్ గిన్నె తెచ్చాడు. ఒకనాడు చుట్టాలొస్తే కోడలు నన్ను గిన్నెల సబ్బుతో, పీచుతో తోమింది. తెలిసి చేసింది కాదు. మట్టికి ఒళ్లంతా సన్నటి రంధ్రాలే, సబ్బు తాగేశాను. ఆ పూట పులుసు నురగ వాసన కొట్టింది. "అటికె పాడైంది" అన్నారు. నేను పాడవలేదు. రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పారబోస్తే చాలు. చెప్పగలిగిన మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

అటక మీద రెండేళ్లున్నాను. అక్కడి నుంచి దించేటప్పుడు అంచు పగిలింది. అప్పటికి ముసలమ్మ లేదు. ఆ నాన్‌స్టిక్ గిన్నె కూడా పూత లేచిపోయి పాతసామాను బండికి ఎక్కింది. నాకు సంతోషం కాలేదని చెప్పలేను.

ఇప్పుడు కోడలు శుక్రవారాలు కూరగాయలే వండుతోంది. కోళ్లు నిశ్చింతగా వచ్చి నాలో మూతి పెట్టి తాగి పోతున్నాయి. పోయిన శనివారం రాత్రి గుడి గంటలు చాలాసేపు మోగాయి. ఆదివారం పొద్దున నీళ్లకు వచ్చినవి లెక్కపెట్టాను. ఆరుండాలి. నాలుగే వచ్చాయి.