పండుగ వర్తమానానికి సువార్త పాఠం అడ్డురాకుండా చూసుకోవడం ఎలా?

డిసెంబరు వచ్చిందంటే ఇల్లెందు నుంచి చర్ల దాకా ఊరూరా షామియానాలు లేస్తాయి. సెమీ క్రిస్మస్‌లు, ఆనక అసలు క్రిస్మస్, ముప్పై ఒకటి రాత్రి వాచ్‌నైట్. ఊపిరి తీసుకునేలోగా శ్రమదినాలు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్. ప్రసంగీకులకు గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. కొత్తగా మైకు పట్టుకుంటున్న తమ్ముళ్లకు నాకు తెలిసిన నాలుగు కిటుకులు చెబుతాను. ఎకో తగ్గించకుండా వినండి.

ఏ పండుగకు ఏ సువార్త భాగం చదవాలో పెద్దలు ముందే పట్టిక వేసి పెట్టారు. 1988లో ఏర్పడిన ఖమ్మం మేత్రాసనంలోనైనా, మరెక్కడి లాటిన్ కతోలిక గుడిలోనైనా మూడేళ్ల చక్రం నడుస్తుంది: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఏటా పెద్ద పండుగల్లో పలకరిస్తాడు. ఒక్క క్రిస్మస్‌కే అర్ధరాత్రికి ఒక పాఠం, వేకువకు ఒకటి, పగటికి మరొకటి. డోర్నకల్ సి.ఎస్.ఐ. సంఘాలకూ తమ పట్టిక ఉంది. ఇదంతా చూసి కంగారుపడకండి. పాఠం చదివేది మీరు కాదు, సంఘ పెద్ద. ఆయన చదువుతున్నంత సేపూ మీరు కీబోర్డు అబ్బాయికి సైగలు చేసుకోవచ్చు. చదవడం అయ్యాక ‘ఎంత చక్కని వాక్యం!’ అని, ఇంటి దగ్గర తయారు చేసుకున్నది అందుకోండి. పాల్వంచలో క్రిస్మస్‌కు చెప్పిందే మణుగూరులో పెళ్లికీ, బూర్గంపాడులో జ్ఞాపకార్థ కూటానికీ సరిపోయిందంటే మీకు చెయ్యి తిరిగినట్టే.

క్రిస్మస్ రాత్రి లూకా రెండో అధ్యాయం వస్తుంది. అందులో మొదటి అయిదు వచనాలూ దాటేయండి. కైసరు ఔగుస్తు ఆజ్ఞ, కురేనియ అధికారం, ప్రజాసంఖ్య, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లి పేరు రాయించుకోవడం: అంతా ఆఫీసు గోల. నెలలు నిండిన మనిషిని వెంటబెట్టుకుని యోసేపు నజరేతు నుంచి బేత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైగా ఎందుకు నడిచాడో మన జనానికి ఏం అర్థమవుతుంది? మీ ముందు కూర్చున్నవాళ్లు పోడు పట్టా కోసం 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి భద్రాచలం ఐటీడీఏ దర్బారులో అర్జీ పట్టుకుని నిలబడినవాళ్లు. ఆధార్‌లో పేరు ఒక రకంగా, పాసుపుస్తకంలో ఇంకో రకంగా పడితే మళ్లీ మొదటికి వచ్చినవాళ్లు. రాజుగారి కాగితం కోసం పేదవాడు ఊళ్లు తిరగడం వాళ్లకు కొత్త సంగతి, వివరించడం కష్టం. తిన్నగా దేవదూతల దగ్గరికి వెళ్లిపోండి.

గొల్లలతోనూ జాగ్రత్త. రాత్రివేళ పొలంలో మంద కాస్తున్నారని లూకా రాశాడు. అడవిపందులు పడకుండా మంచె మీద రాత్రంతా మేలుకునే రైతు వెనక వరసలో కూర్చుని ఉంటాడు. అతను ‘ఇది మా సంగతే’ అనుకున్నాడంటే మీ వైపు చూడడం మానేస్తాడు. అందుకని గొర్రెపిల్లల గురించి ఇజ్రాయెల్ యాత్రలో విన్న కబురేదైనా చెప్పండి. మీరు వెళ్లకపోయినా వెళ్లినవాళ్ల వీడియోలు బోలెడు.

జ్ఞానుల విషయానికి వస్తే, ముగ్గురు అనండి, రాజులు అనండి, ఒంటెల మీద పశువుల పాకకే వచ్చారనండి. మత్తయి వాళ్ల సంఖ్య చెప్పలేదు, రాజులనలేదు, ఒంటెల ఊసెత్తలేదు, వచ్చింది ఇంటికని రాశాడు. కానీ నాటకంలో పిల్లలకు మూడు కిరీటాలు కొనేశాం కదా! ఆ అధ్యాయం రెండో సగం మాత్రం బొత్తిగా ముట్టుకోవద్దు. హేరోదు రెండేళ్ల లోపు మగపిల్లలను చంపించడం, యోసేపు కుటుంబం రాత్రికి రాత్రే సరిహద్దు దాటి ఐగుప్తుకు పారిపోవడం కేకు కోసే వేళ చెప్పుకునే మాటలా? పైగా 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పిల్లలనెత్తుకుని ఈ అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల గూడేలు చుట్టూరా ఉన్నాయి. ఇన్నేళ్లయినా వాళ్లకు ఎస్టీ ధ్రువపత్రం దొరకడం గగనమే. వాళ్లలో ఒక్కరు విన్నా, ఆ ఐగుప్తులో యోసేపుకు గుడిసె ఎవరు వేసుకోనిచ్చారని అడుగుతారు. జవాబు మన దగ్గర లేదు. కేకు కోయించండి.

భాష గురించి ఒక మాట. గోదావరిలో పడవదారి పనులకు వచ్చిన హేగ్ అనే ఇంజినీరు చొరవతో 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో మిషను మొదలైంది. తర్వాత అక్కడ పనిచేసిన జాన్ కేన్ కోయభాష నేర్చుకుని లూకా సువార్తను అందులోకి మార్చాడు. డోర్నకల్ బిషప్ అజరయ్య తమిళుడు. 1909లో వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలిపి కట్టించిన కెథెడ్రల్‌ను 1939లో జ్ఞానుల పండుగనాడే ప్రతిష్ఠించాడు. పాపం, ఎంత శ్రమ! మీకు ఆ అవసరం లేదు, తెలుగులోనే పుట్టారు కదా, నేర్చుకోనక్కర్లేదు. కోయగూడెంలో కూడా గ్రాంథికమే దంచండి. అర్థం కానిచోట ‘హల్లెలూయ’ చెప్పించండి.

గుడ్ ఫ్రైడే మన జిల్లాల్లో అసలు పరీక్ష. పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి, మార్కుల్లో ఒకటి. ఏ ఒక్క సువార్తలోనూ ఏడూ లేవు. ఎవరి మాట వాళ్లు చెప్పి కూర్చుంటే గంటన్నరలో అయిపోయే పని. అలా జరగనివ్వకండి. మీకు మొదటి మాట ఇచ్చారనుకోండి, ఆదికాండం నుంచి ఎత్తుకోండి. నిర్గమకాండం దాటేసరికి ఒంటిగంట అవుతుంది. మిగతా ఆరుగురూ వాచీలు చూసుకుంటారు, అది వాళ్ల ఖర్మ. అయిదో మాట, దాహం గురించినది, ఏడింటిలోకీ చిన్నది. దాని మీద ఎవరైనా నలభై నిమిషాలు సునాయాసంగా లాగవచ్చు. రేకుల షెడ్డు కింద, ఏప్రిల్ ఎండలో, చల్లటి సీసా మీ పక్కనే ఉంటుంది కాబట్టి భయం లేదు. విని కునికిపాట్లు పడే ఆడవాళ్లను మాత్రం గద్దించండి. తెల్లవారుజామునే లేచి ఇప్పపూలు ఏరుకుని వచ్చారట. అది సాకు.

చివరిది ఈస్టర్. వేకువ ఆరాధన నాలుగింటికే పెట్టండి. వాకిలి ఊడ్చి, చాపలు పరిచి, టీ కాచేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లు రెండింటికి వస్తారు. కార్యక్రమ పత్రికలో ప్రసంగీకుల పేర్లు మగవాళ్లవే వేయించండి. యోహాను ఇరవయ్యో అధ్యాయం ఆ రోజు పాఠం. ఇంకా చీకటిగా ఉండగానే సమాధి దగ్గరికి వెళ్లింది మగ్దలేనె మరియ, లేచిన ప్రభువును మొదట చూసి శిష్యులకు చెప్పిందీ ఆమే. పత్రిక అచ్చుకు వెళ్లేదాకా ఈ సంగతి ఎవరితోనూ అనకండి.