పిల్లికీ బల్లకీ మధ్య

ఒకటో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఒక పిల్లి ఉంటుంది. దానికి ఎలుకల గొడవ లేదు, పాల యావ లేదు. బల్ల ఎక్కడం, దిగడం, కిందకి దూరడం, పక్కన నిలబడడం, మరీ విసుగేస్తే అట్టపెట్టెలో కూర్చోవడం, ఇదే దాని ఉద్యోగం. పబ్లిషరు మారితే పిల్లి రంగు మారుతుంది గానీ డ్యూటీ మారదు. దానికి ఇంత శ్రమ ఎందుకయ్యా అంటే, మన పిల్లలకి ప్రిపోజిషన్లు రావాలట.

"ది క్యాట్ ఈజ్ డ్యాష్ ది టేబుల్" అని వర్క్‌షీటు. డ్యాషులో సరైన ముక్క పడితే ఒక మార్కు. ఆ కాగితం జిరాక్సుకి తీసిన జిరాక్సుకి మళ్ళీ తీసిన జిరాక్సు కాబట్టి, పిల్లి ఉన్నచోట ఒక నల్లమచ్చ, బల్ల ఉన్నచోట ఇంకాస్త పెద్ద నల్లమచ్చ కనిపిస్తాయి. ఏది దేని మీద ఉందో మేడమ్‌గారికీ తెలియదు. కాకపోతే ఆవిడ దగ్గర జవాబుల పుస్తకం ఉంది.

పాపం, ఆరేళ్ళ పిల్లకి కిందా మీదా తెలియవని బడివారి బెంగ. ఇంట్లో అదే పిల్ల నాన్న ఫోను దిండు కింద దాస్తుంది. సున్నుండల డబ్బా అలమరలో పై అరలో కందిపప్పు వెనక ఉందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అమ్మకీ అన్నకీ మధ్యన పడుకోవడానికి రోజూ యుద్ధం చేస్తుంది.

1979లో జుడిత్ జాన్‌స్టన్, డాన్ స్లోబిన్ అనే పరిశోధకులు ఇంగ్లిష్, ఇటాలియన్, సెర్బో క్రొయేషియన్, టర్కిష్ మాట్లాడే పసివాళ్ళని గమనించారు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ ఎనిమిది నెలల దాకా వయసు వాళ్ళు. లోపల, మీద, కింద అనే మాటలు అన్ని భాషల్లోనూ మొదట్లోనే వచ్చేస్తున్నాయి. ముందు, వెనక, మధ్య కాస్త ఆలస్యంగా వస్తున్నాయి. టర్కిష్ పిల్లలు ఇంగ్లిష్ పిల్లలకంటే చురుగ్గా ఉన్నారు. టర్కిష్‌లో ఈ మాటలు మనకిలాగే నామవాచకం తర్వాత వస్తాయి, అదీ ఒక కారణమని వాళ్ళు తేల్చారు. ఆ లెక్కన మనవాళ్ళు ఈ సబ్జెక్టు పాసయ్యే బడికి వస్తున్నారనుకోవాలి. ఫెయిల్ చేసే బాధ్యత బడి తీసుకుంటోంది.

మనవాడికి రానిది కింద అంటే ఏమిటో కాదు, ఆ మాటని ఎక్కడ పెట్టాలో. "టేబుల్ అండర్ క్యాట్" అంటాడు. క్లాసంతా గొల్లుమంటుంది, ఎర్రసిరా పడుతుంది. వాడు చేసిన నేరమల్లా 'బల్ల కింద పిల్లి'ని చెక్కుచెదరకుండా మోసుకురావడం. "మనం తర్వాత పెడతాం, వాళ్ళు ముందు పెడతారు నాన్నా" అని ఒక్క మాట చెబితే సగం పాఠం అయిపోతుంది. చిక్కేమిటంటే ఆ ఒక్క మాటా తెలుగులో చెప్పాలి. క్లాసులో తెలుగు నోట వస్తే ఫైను వేసే బళ్ళున్నాయి మనకి.

మిగతా సగం పిల్లి వల్ల అయ్యేది కాదు. మనం బస్సులో వెళ్తాం, కారులో వెళ్తాం, రైల్లో వెళ్తాం. ఇంగ్లిష్‌వాడు కారుకి 'ఇన్' అంటాడు, బస్సుకి 'ఆన్' అంటాడు. "బస్సు మీద కూర్చున్నాడా మేడమ్?" అని అడిగిన కుర్రాణ్ణి నేనైతే లీడరుని చేస్తాను. బడిలో మాత్రం "డోంట్ ఆస్క్ సిల్లీ డౌట్స్" అంటారు. పొద్దునకి 'ఇన్', రాత్రికి 'అట్', సోమవారానికి 'ఆన్'. మనకి వీటిలో దేనికీ ఏ తోకా అక్కర్లేదు. ఇలాంటివి కథలు వింటూ, చదువుతూ ఉంటే చెవికి అలవాటవుతాయి. కథలకి టైమేదీ? ఇంకా నలభై డ్యాషులున్నాయి.

ఈ డ్యాషులు పూరించి పెద్దవాళ్ళయినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. కోపం మనకి మనుషుల మీద వస్తుంది కనక "హీ ఈజ్ యాంగ్రీ ఆన్ మీ" అంటారు. దేని గురించైనా చర్చిస్తాం కనక పేరెంట్స్ మీటింగులో ప్రిన్సిపాల్‌గారు "లెట్ అజ్ డిస్కస్ అబౌట్ యువర్ చైల్డ్" అని మొదలుపెడతారు. తర్వాత చైల్డు ప్రిపోజిషన్లలో వీక్ అంటారు.

ఇది చదివి తెలుగు పీరియడువారు మీసం మెలేయనక్కర్లేదు. అక్కడ డుమువులతో మొదలయ్యే విభక్తి ప్రత్యయాల జాబితా ఉంది. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసిన నాటికే కాల్డ్వెల్ అనే దొరగారు, ద్రావిడ భాషల్లో విభక్తుల లెక్క సంస్కృతాన్ని చూసి పెట్టుకున్నదేననీ, నిజానికి ప్రత్యయం చేరిన ప్రతిసారీ ఒక కొత్త విభక్తేననీ 1856లో అనేశాడు. అన్నా మనం వినలేదు. 'కూర్చి', 'పట్టి', 'కొఱకున్' అంటూ పసివాళ్ళ చేత ఊగుతూ వల్లె వేయిస్తున్నాం. ఏ పిల్ల అయినా "అమ్మ కొఱకున్ వచ్చితిని" అంటే దిష్టి తీయిస్తారు. తమాషా ఏమిటంటే, పిల్లలు రోజంతా వాడే మీద, కింద, పక్కన, వెనక ఆ జాబితాలో లేనేలేవు. ఉన్నవాటిలో క్లాసులో నిత్యం మోగేది సంబోధన ప్రథమ ఒక్కటే. "ఓరీ" కాస్తా "ఒరేయ్" అయింది, అంతే.

అయినా మన బళ్ళలో ప్రిపోజిషన్లు అద్భుతంగా నేర్పే ఘట్టం ఒకటుంది. దానికి సిలబస్సూ లేదు, వర్క్‌షీటూ లేదు. "స్టాండ్ ఆన్ ద బెంచ్" అంటే ఒక్కడూ బెంచీ కిందకి దూరడు. "గెట్ అవుట్ ఆఫ్ ద క్లాస్" అంటే ఒక్కడూ లోపలికి రాడు. "ఫింగర్ ఆన్ యువర్ లిప్స్" అనగానే ఎల్‌కేజీ బుడతడి వేలు కూడా సూటిగా పెదాల మీదకే వెళ్తుంది, గడ్డం కిందకి పోదు. గది నిశ్శబ్దమవుతుంది. అప్పుడు మేడమ్‌గారు వర్క్‌షీట్లు పంచుతారు.