మీటరు వైపు చూసేవాళ్లేరీ?

మా రోజుల్లో మీటరును చూడకుండా పొద్దు గడిచేది కాదు. తలవాకిలి పక్కన చెక్క పలక మీద నల్లటి డబ్బా. గాజు వెనక అల్యూమినియం చక్రం, దాని అంచున ఒక గీత. రాత్రి పడుకునే ముందు మా నాయన లైట్లన్నీ ఆర్పి ఆ చక్రం నిలిచిందా లేదా అని చూసేవాడు. నిలవకపోతే మెయిన్ కూడా దించేవాడు. అప్పటికీ తిరుగుతూ ఉంటే తప్పు వైరింగుది కాదు, మీటరుదే. తెల్లారగానే కేఈబీ, అంటే కర్ణాటక విద్యుత్ బోర్డు, ఆఫీసుకు పోయి చెప్పి వచ్చేవాడు. 2002లో కరెంటు సరఫరా జెస్కాం కంపెనీ చేతికి వచ్చినా మా వయసువాళ్లకు నేటికీ అది కేఈబీయే.

చక్రం మీటరుతో ఇంకో సుఖం ఉండేది. యూనిట్‌కు 600 చుట్లు అని దాని మీదే అచ్చు వేసి ఉంటే, నూరు వాట్ల బల్బు ఒక్కటే వెలిగించినప్పుడు చక్రం నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. చేతి గడియారం ఉన్న ఎవరైనా తేల్చుకోగల లెక్క అది. 1889లో హంగేరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ కనిపెట్టిన ఈ పద్ధతి నూరేళ్లు నిలిచిందంటే ఊరికే కాదు. అలాగని చక్రానికి చావు లేదనను. ఇరుసు కింది బేరింగు అరుగుతుంది, మా బళ్లారి సీమ దుమ్ము లోపలికి చేరుతుంది, చక్రం మెల్లగా తిరుగుతుంది. అదుపు చేసే అయస్కాంతం బలం తగ్గితే పరుగెత్తుతుంది. మెల్లగా తిరిగితే కరెంటాఫీసుకు నష్టం, పరుగెత్తితే మనకు నష్టం.

ఇప్పుడేమో మీటరు ఎక్కడుందో కూడా ఇంట్లో పిల్లలకు తెలియదు. 2023 ఆగస్టు నుంచి కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. మంచి పనే, పేదింటికి ఎంతో ఆసరా. కానీ బిల్లు సున్నా అయ్యాక మీటరు మీద చూపు కూడా సున్నా అయిపోయింది. నాకు కోపమంతా ఇక్కడే. పథకం మొదలైనప్పుడు 2022-23లో మనం వాడిన నెలసరి సగటుకు 10 శాతం కలిపి ఉచితానికి ఒక హద్దు కట్టారు. అది దాటితే దాటినంతకు డబ్బు కట్టాలి, 200 యూనిట్లు దాటితే మొత్తం కట్టాలి. అంటే మీటరు చెప్పే అంకె మీదే మన ఉచితం నిలబడి ఉంది. ఆ అంకె తప్పితే? ఎలక్ట్రానిక్ మీటరు డిస్‌ప్లే మసకబారి ఏడాదైనా పట్టించుకోకుండా, అది పూర్తిగా ఆరిపోయి సగటు లెక్కన బిల్లు చేతికొచ్చాక లబోదిబోమంటే ఏం లాభం?

ఇంకో సంగతి. మేం మీటరు పెట్టించినప్పుడు ఇంట్లో మూడు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. పాత మీటర్ల మీద 10 ఆంపియర్లు, 20 ఆంపియర్లు అని ఉంటుంది, చదవండి. 2000 వాట్ల గీజరు ఒక్కటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి ఏసీ తోడైతే పది ఆంపియర్ల మీటరు తట్టుకోదు. స్క్రూలు వదులై వైర్లు వేడెక్కుతాయి, మీటరు అడుగుభాగం నల్లబడుతుంది. ఆ నలుపు కనబడ్డాక కూడా రేపు చూద్దాంలే అనేవాళ్లను చూస్తే నా కడుపు రగిలిపోతుంది. పిల్లలు తిరిగే ఇల్లు కదా!

నిబంధనలు లేక కాదు. కొత్తగా పెట్టే మీటర్లు ఎలక్ట్రానిక్‌వే కావాలని, ఇళ్ల మీటర్లను అయిదేళ్లకొకసారైనా పరీక్షించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లోనే చెప్పింది. చెడిన, కాలిన మీటరును పట్నంలో 24 గంటల్లో, పల్లెలో 72 గంటల్లో మార్చాలని 2020 వినియోగదారుల హక్కుల నియమాల్లో ఉంది. రీడింగు మీద అనుమానమని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలని 2024లో చేర్చారు. అడగాల్సింది మనమే. బిల్లు మీదుండే ఆర్‌ఆర్ నంబరు వేసి అర్జీ రాయడానికి ఎంతసేపు పడుతుంది?

చక్రం మీటరు ఇంకా గోడ మీద ఉన్నవాళ్లు, డిస్‌ప్లేలో అంకెలు సగం సగం కనబడుతున్నవాళ్లు అది ఆగేదాకా కూర్చోవద్దు. సీలు మీద మాత్రం చెయ్యి వేయకండి, అది లైన్‌మ్యాన్ పని. ఆయన వచ్చిన రోజు పాత మీటరు చివరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు, సీరియల్ నంబర్లు కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఫోను చేతిలో ఉన్న పిల్లలతో ఫొటోలు తీయించండి. ఆ కాగితం లేకపోతే మార్చిన నెల బిల్లు తప్పుగా వచ్చినప్పుడు చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.